పది జెర్సీలు మార్చినవాడు పనికిరానివాడా?

ఫుట్‌బాల్ పేజీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డిఫెండర్ల గురించే. స్ట్రైకర్ల ధరల గురించి రాసీ రాసీ విసుగెత్తి ఉన్నాను కాబట్టి నాకిది పండగే. మొదట్నుంచీ నేను వెనక లైను పక్షపాతిని. జవాబుల్లో ఆ మొగ్గు కనిపిస్తే క్షమించనక్కర్లేదు, అది నిజమే.

ప్రశ్న: సర్, కొందరు డిఫెండర్ల కెరీర్ పట్టిక చూస్తే ఎనిమిది, పది క్లబ్బులుంటాయి. మధ్యమధ్యలో లోన్లు, అంటే కొన్నాళ్ళపాటు వేరే క్లబ్బుకు అరువివ్వడం. ఎక్కడా కుదురుగా నిలవలేదంటే సత్తా లేనట్టే కదా? మంచి ఆటగాణ్ణి ఏ క్లబ్బయినా వదులుకుంటుందా? (ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: భేషుగ్గా వదులుకుంటుంది. డానీ సింప్సన్ పట్టిక తీసి చూడండి. మాంచెస్టర్ యునైటెడ్ అకాడమీలో పెరిగిన రైట్ బ్యాక్, అంటే కుడి పక్క డిఫెండర్. అక్కడ చోటు దొరక్క బెల్జియంలోని రాయల్ ఆంట్వెర్ప్‌కీ, ఆ తర్వాత సండర్‌లాండ్, ఇప్స్‌విచ్, బ్లాక్‌బర్న్‌లకీ లోన్ మీద తిరిగాడు. న్యూకాజిల్‌కి కూడా మొదట లోన్ మీదే వెళ్ళి, 2010 జనవరిలో అక్కడే ఉండిపోయాడు. తర్వాత క్వీన్స్ పార్క్ రేంజర్స్, 2014లో లెస్టర్ సిటీ. మీ లెక్కలో ఇతను కుదురులేని ఆటగాడు. 2016 మే నెలలో అతని మెడలో పడింది ఇంగ్లండ్ మొదటి అంచె అయిన ప్రీమియర్ లీగ్ విజేత పతకం.

ఆ లెస్టర్ వెనక లైనంతా అలాంటివాళ్ళే. రాబర్ట్ హుత్ చెల్సీ, మిడిల్స్‌బ్రో, స్టోక్ దాటుకుని, ముందు లోన్ మీద వచ్చినవాడు. ఎడమ పక్క క్రిస్టియన్ ఫుక్స్ ఆస్ట్రియాలో మొదలుపెట్టి, జర్మనీలో మూడు క్లబ్బులకు ఆడి, షాల్కెతో కాంట్రాక్ట్ అయిపోయాక 2015లో ట్రాన్స్‌ఫర్ ఫీజే లేకుండా వచ్చాడు. కెప్టెన్ వెస్ మోర్గన్ ఇంతగా తిరగలేదు గానీ, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ తరఫున ఇంగ్లండ్ రెండో, మూడో అంచెల్లో ఏళ్ళ తరబడి ఆడి 28వ ఏట లెస్టర్ చేరాడు. టైటిల్ గెలిచిన సీజన్లో 38 మ్యాచ్‌లలో ఒక్క నిమిషం కూడా మైదానం వదల్లేదు.

వాళ్ళేమీ మొదటి రోజునుంచి గోడ కట్టలేదు. మొదటి తొమ్మిది లీగ్ మ్యాచ్‌లలోనూ గోల్ ఇచ్చారు. ఒక్క క్లీన్ షీట్ (గోల్ ఇవ్వని మ్యాచ్) తెండి, పిజ్జా ఇప్పిస్తానని మేనేజర్ క్లాడియో రానియేరి ఊరించాల్సి వచ్చింది. అక్టోబర్‌లో క్రిస్టల్ ప్యాలెస్ మీద 1-0తో గెలిచాక గానీ ఆ పిజ్జా దక్కలేదు. సీజన్ ముగిసేసరికి మాత్రం మొత్తం ఇచ్చింది 36 గోల్సే. నాలుగు చోట్ల నుంచి వచ్చిన నలుగురు ఒక లైనుగా కుదరడానికి రెండు నెలలు పట్టిందన్నమాట.

ఇంకొకరు సిల్వాన్ డిస్టాన్. ఫ్రాన్స్‌లో కింది అంచె క్లబ్బుల్లో మొదలై, పారిస్ సాంజెర్మాన్ నుంచి న్యూకాజిల్‌కి లోన్ మీద వచ్చి, మాంచెస్టర్ సిటీ, పోర్ట్స్‌మత్, ఎవర్టన్, బోర్న్‌మత్‌లకు ఆడాడు. ప్రీమియర్ లీగ్‌లో 469 మ్యాచ్‌లు. ఫ్రాన్స్ జాతీయ జట్టుకు ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. ఇంగ్లండ్‌లోనే ఐదుగురు యజమానులు జీతమిచ్చి పెట్టుకున్న మనిషికి సత్తా లేదని నేను అనలేను.

పనికిరానివాణ్ణి పదో క్లబ్బు పిలవదు. వాడి కథ మూడో క్లబ్బులోనే ముగుస్తుంది. కాబట్టి పట్టికలో క్లబ్బుల పేర్లు లెక్కపెట్టకండి. ఒక్కో పేరు పక్కన ఎన్ని మ్యాచ్‌లున్నాయో చూడండి.

ప్రశ్న: ఇన్నిసార్లు క్లబ్బులు మారాల్సిన అవసరం ఎందుకొస్తుంది? డబ్బు కోసమేనా? (ఒక బ్యాంకు ఉద్యోగి)

జవాబు: స్టార్లు డబ్బు కోసం మారతారు. మామూలు డిఫెండర్ చాలాసార్లు కాంట్రాక్ట్ అయిపోయి మారతాడు.

1995కి ముందు యూరప్‌లో పరిస్థితి ఇంకా ఘోరం. కాంట్రాక్ట్ ముగిసినా సరే, పాత క్లబ్బు అడిగిన ఫీజు కొత్త క్లబ్బు కడితేనే ఆటగాడు కదలాలి. బెల్జియంలో లీజ్ క్లబ్బుకు ఆడిన జాన్ మార్క్ బోస్మన్ ఫ్రాన్స్‌లోని డంకర్క్‌కి వెళ్ళబోయి ఇలాగే ఇరుక్కుని కోర్టుకెక్కాడు. 1995 డిసెంబర్ 15న యూరోపియన్ న్యాయస్థానం అతని పక్షాన తీర్పిచ్చింది. కాంట్రాక్ట్ అయిపోతే ఫీజు లేకుండా వెళ్ళిపోవచ్చు. చివరి ఆరు నెలల్లో మరో క్లబ్బుతో ముందస్తు ఒప్పందం కూడా చేసుకోవచ్చని ఇప్పుడు ఫిఫా నిబంధనల్లోనే ఉంది. బోస్మన్ ఆట మాత్రం అప్పటికే దాదాపు అయిపోయింది.

ఈ స్వేచ్ఛ అందరికీ ఒకేలా పనిచేయలేదు. ఫీజు మిగిలింది కదా, ఆ సొమ్ము జీతంలో కలపండని స్టార్ అడగగలడు. 30 దాటిన సెంటర్ బ్యాక్‌కి (గోల్ ముందు మధ్యలో కాసే డిఫెండర్‌కి) అదే తలుపు అటువైపు కూడా తెరుచుకుంటుంది: 'ఒక్క ఏడాదికే సంతకం పెట్టు, తర్వాత చూద్దాం' అంటుంది క్లబ్బు. కాంట్రాక్టులు చాలాచోట్ల జూన్ 30తో ముగుస్తాయి. అంటే జనం సెలవుల గురించి ఆలోచించే సమయంలో ఇతను ఏజెంట్ ఫోన్ కోసం టెన్షన్ పడుతుంటాడు.

దీనికి తోడు మేనేజర్ మార్పులు. తెచ్చుకున్న మేనేజర్ ఉద్యోగం ఊడితే, వచ్చే కొత్తాయన ముగ్గురు సెంటర్ బ్యాక్‌లతో ఆడిస్తాడో, ఇద్దరితోనో తెలీదు. ఆడించకపోతే లోన్ అడగాలి. దానికీ హద్దులున్నాయి: ఒక సీజన్లో మూడు క్లబ్బులకు మించి నమోదు కాకూడదు, అధికారిక మ్యాచ్‌లు రెండింటికే ఆడాలి. ఇంగ్లండ్ కింది లీగుల్లో ఒకప్పుడు సీజన్ మధ్యలో నెలరోజుల అత్యవసర లోన్లుండేవి. అవి 2016లో ఎత్తేశారు, గోల్‌కీపర్లకు తప్ప. కాంట్రాక్టే లేనివాడికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. ట్రాన్స్‌ఫర్ విండో (క్లబ్బులు మారడానికి ఉన్న గడువు) మూసుకోకముందే ఖాళీ అయి ఉంటే, మూసుకున్న తర్వాత కూడా ఏదో ఒక క్లబ్బులో చేరవచ్చు. అందుకే ఫ్రాన్స్‌లో, జర్మనీలో ఆటగాళ్ళ సంఘాలు వేసవిలో క్లబ్బులేనివాళ్ళ కోసం శిక్షణ శిబిరాలు నడుపుతాయి. సాధన ఆగదు, స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడతారు, చూడ్డానికి స్కౌట్లు, అంటే క్లబ్బుల కోసం ఆటగాళ్ళను వెతికేవాళ్ళు వస్తారు. నాకడిగితే ఆ మ్యాచ్‌లలో ఉన్న పట్టుదల చాలా కప్ ఫైనల్స్‌లో ఉండదు.

ప్రశ్న: స్ట్రైకర్ కొత్త టీమ్‌కి వెళ్తే గోల్స్ కొడితే చాలు. డిఫెండర్‌కి కొత్తగా నేర్చుకునేది ఏముంటుంది? బంతిని అడ్డుకోవడం ఎక్కడైనా ఒకటే కదా? (ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, మీరు కావాలనే రెచ్చగొడుతున్నారని అనుమానం.

అడ్డుకోవడం ఒకటే. ఎక్కడ నిలబడి అడ్డుకోవాలన్నదే ప్రతిచోటా వేరు. పాత టీమ్ తమ పెనాల్టీ ఏరియా అంచున కాచుకుని ఉండేది, కొత్త టీమ్ లైనును మధ్యగీత దాకా తోస్తుంది. ఇప్పుడతని వీపు వెనక యాభై గజాలు ఖాళీ. నలుగురూ ఒకేసారి ముందుకు అడుగేస్తేనే ఎదుటి స్ట్రైకర్ వాళ్ళ వెనక చిక్కి ఆఫ్‌సైడ్ పడుతుంది. ఒక్కడు అర సెకను ఆలస్యమైతే మిగతా ముగ్గురి తెలివీ వృథా. పక్కనున్న జోడీ బంతి మీదికి దూకే రకమా, ఆగి చూసే రకమా? గోల్‌కీపర్ క్రాస్‌లకు బయటికొస్తాడా, గీత మీదే ఉండిపోతాడా? కార్నర్ కిక్‌కి మనిషిని పట్టుకోవాలా, చోటును కాయాలా? ఇదంతా కొద్దిరోజుల్లో, చాలాసార్లు తెలియని భాషలో నేర్చుకోవాలి. జోడెడ్లలో ఒకదాన్ని మార్చి అదే రోజు దుక్కికి దించినట్టుంటుంది.

భాష మాటెత్తాను కాబట్టి చెబుతున్నా. అలా తిరిగే డిఫెండర్ ముందు నేర్చుకునేది వ్యాకరణం కాదు. 'నాది', 'వదిలెయ్', 'వెనక మనిషి', 'పైకి రండి', ఇంతే. ఈ నాలుగూ గట్టిగా, సరైన క్షణంలో అరవగలిగితే శనివారం మ్యాచ్ గడుస్తుంది.

నిబంధనలూ మనుషుల్ని తారుమారు చేశాయి. 1992లో బ్యాక్‌పాస్ నిబంధన వచ్చింది. సహచరుడు కాలితో కావాలని వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదన్నారు. వెనక్కి తన్ని ఊపిరి పీల్చుకునే డిఫెండర్లకు ఆ రోజుతో సుఖం పోయింది. 2019లో గోల్ కిక్‌ని పెనాల్టీ ఏరియా లోపలే సహచరుడు అందుకోవచ్చన్నారు. దాంతో సెంటర్ బ్యాక్ ప్రత్యర్థి స్ట్రైకర్ మీద పడుతుండగానే పాస్ వెతుక్కోవాల్సి వచ్చింది. పదిహేనేళ్ళు తలతో, భుజంతో బతికినవాడు 32వ ఏట పాస్‌లు నేర్చుకోవాలి. నేర్చుకున్నవాళ్ళకు ఇంకో రెండు కాంట్రాక్టులు. లేనివాళ్ళు ఒక అంచె కిందికి దిగారు, అక్కడ ఇంకా పొడుగు బంతులే నడుస్తున్నాయి కాబట్టి. ఎడమ కాలితో ఆడే సెంటర్ బ్యాక్‌కి ఇప్పుడున్న గిరాకీ కూడా ఇందుకే. ఎడమ పక్క నుంచి అతను కాలు మార్చుకోకుండా పాస్ ఇవ్వగలడు.

ప్రశ్న: అందరికంటే ఎక్కువ క్లబ్బులకు ఆడింది ఏ డిఫెండర్?

జవాబు: ఈ విషయంలో పేరు మోసినవాళ్ళు డిఫెండర్లు కారు. ఉరుగ్వే స్ట్రైకర్ సెబాస్టియన్ అబ్రెయు 2017లో 26వ క్లబ్బుతో గిన్నిస్‌లోకెక్కి, ఆ తర్వాత కూడా ఆగలేదు. జర్మన్ గోల్‌కీపర్ లుట్జ్ ఫానెన్‌స్టీల్ ఫిఫాలోని ఆరు ఖండాలవారీ సమాఖ్యల పరిధిలోనూ ప్రొఫెషనల్‌గా ఆడాడు. డిఫెండర్‌కి అంత వేగంగా మారడం కష్టం, పైన చెప్పిన జోడీ సమస్య వల్ల.

ప్రశ్న: ఎంత తిరిగినా కోట్లలోనే కదా సంపాదన. వాళ్ళమీద జాలెందుకు? (కాస్త కోపంగా రాసిన పాఠకుడు)

జవాబు: జాలి పడమని నేనెప్పుడూ అనలేదు. కానీ కోట్ల లెక్క తప్పు. ఆటగాళ్ళ అంతర్జాతీయ సంఘం ఫిఫ్‌ప్రో 2016లో 54 దేశాల్లో దాదాపు 14,000 మందిని అడిగి ఒక నివేదిక ఇచ్చింది. వాళ్ళలో 45 శాతం మంది నెల సంపాదన 1,000 డాలర్ల లోపు. 41 శాతం మందికి అంతకుముందు రెండు సీజన్లలో జీతం ఆలస్యమైంది. సగటు కాంట్రాక్ట్ రెండేళ్ళు కూడా లేదు. మీరు టీవీలో చూసేది పైపొర.

జీతం ఎగ్గొట్టే క్లబ్బుల కోసం 2018లో ఫిఫా ఒక నిబంధన చేర్చింది. రెండు నెలల జీతం బాకీ పడితే, ఆటగాడు 15 రోజుల గడువిస్తూ నోటీసు పంపి, అప్పటికీ రాకపోతే కాంట్రాక్ట్ రద్దు చేసుకోవచ్చు. మంచి నిబంధనే. కాకపోతే సీజన్ మధ్యలో రద్దు చేసుకుని ఎక్కడికి వెళ్ళాలన్నది అతని తలనొప్పి. అందుకే వెంటనే రద్దు చేసుకోవడం అంత తేలిక కాదు.

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్ళు. సెంటర్ బ్యాక్‌గా ఆడుతున్నాడు. బంతిని తలతో కొట్టడం మెదడుకు ప్రమాదమంటున్నారు, నిజమేనా? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, దీనికి హాస్యం లేకుండా చెబుతాను. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో డాక్టర్ విల్లీ స్టీవర్ట్ బృందం 7,676 మంది స్కాట్లండ్ మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ళ రికార్డులను సాధారణ జనాభాతో పోల్చింది. డిమెన్షియా వంటి మెదడు క్షీణత జబ్బులతో చనిపోయే అవకాశం ఆటగాళ్ళలో సుమారు మూడున్నర రెట్లు ఎక్కువని 2019లో తేలింది. 2021లో ఆడే స్థానాన్ని బట్టి చూస్తే, ఆ జబ్బులు వచ్చే అవకాశం డిఫెండర్లలో అందరికంటే ఎక్కువ, దాదాపు ఐదు రెట్లు. గోల్‌కీపర్లలో మామూలు జనానికీ వాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పాతకాలపు తోలు బంతులు నీళ్ళు పీల్చి బరువెక్కేవి, అందుకే అంటారు కొందరు. కానీ ఆ అధ్యయనంలో తరాన్ని బట్టి ప్రమాదం తగ్గినట్టు కనిపించలేదు.

ఇవి వేలసార్లు తలతో కొట్టిన ప్రొఫెషనల్స్ లెక్కలు, పదేళ్ళ పిల్లాడివి కావు. అయినా ఇంగ్లండ్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ సంఘాలు 2020లోనే ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు సాధనలో హెడర్లు వద్దన్నాయి. ఇంగ్లండ్‌లో పెద్దవాళ్ళకు కూడా సాధనలో గట్టి హెడర్లు వారానికి పదికి మించొద్దని 2021లో సూచించారు. మీ అబ్బాయి కోచ్‌ని అడగండి. 'సాధనలో హెడర్లు చేయిస్తున్నారా?' అని సూటిగా. తలకు దెబ్బ తగిలి దిమ్మెక్కినా, వాంతి వచ్చినా ఆ రోజు ఆట బంద్, డాక్టర్ దగ్గరికే. పదేళ్ళ వయసులో ఎక్కడ నిలబడాలో నేర్చుకుంటే చాలు. తల తర్వాత వాడొచ్చు.

ప్రశ్న: డిఫెండర్లకు పెద్ద అవార్డులు ఎందుకు రావు?

జవాబు: ఏటా మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ ఇప్పటిదాకా ముగ్గురు డిఫెండర్లకే దక్కింది: బెకెన్‌బావర్, సామర్, కన్నవారో. కన్నవారో 2006లో, అదీ ప్రపంచ కప్ ఎత్తాక. జరగని గోల్‌కి రీప్లే ఉండదు కదా.

ప్రశ్న: మరి అలాంటి ఆటగాణ్ణి మ్యాచ్‌లో గుర్తుపట్టేదెలా? టీవీలో బంతి వెంటే కెమెరా పోతుంది. (అదే డిగ్రీ విద్యార్థి, రెండో ఉత్తరం)

జవాబు: వీలైతే మైదానానికి వెళ్ళండి, గోల్ వెనక కూర్చోండి. వాళ్ళ సొంత టీమ్ దాడి చేస్తున్నప్పుడు సెంటర్ బ్యాక్‌ని చూడండి. మంచివాడు అప్పుడు తీరిగ్గా నిలబడడు. ప్రత్యర్థి స్ట్రైకర్ ఎక్కడున్నాడో మెడ తిప్పి తిప్పి చూస్తుంటాడు, చేత్తో పక్కవాణ్ణి జరుపుతుంటాడు. బంతి పోగానే ఎదుటివాడు పరిగెత్తాల్సిన దారిలో ఇతను ముందే ఉంటాడు. టాక్లింగ్ అవసరమే రాదు, షార్టుకు బురదంటదు. మర్నాడు పేపర్లో పేరు కూడా రాకపోవచ్చు. టీవీయే దిక్కయితే గోల్ కిక్ సమయంలోనూ, కార్నర్ కొట్టేముందూ చూడండి. అప్పుడు కెమెరా కాస్త వెనక్కి జరుగుతుంది. ఆ కొన్ని సెకన్లలో ఎవరు అరుస్తున్నారో, ఎవరు వింటున్నారో తెలిసిపోతుంది.