కరపత్రం అచ్చుకు ఇచ్చే ముందు

చిన్నతల్లీ,

నువ్వు డాలస్‌లో కానుకల కొట్టు తీసుకున్నావనీ, ఈ డిసెంబరుకే కరపత్రం వేయిస్తున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం సగం, దిగులు సగం. న్యూజెర్సీలో పాతికేళ్ళు కొట్టు నడిపాను. నన్ను ఎక్కువగా భయపెట్టింది అప్పు కాదమ్మా, అచ్చయిన కాగితం. గుమ్మం దాటిందంటే ఇక వెనక్కి రాదు.

ధరలు రెండుసార్లు సరిచూసుకో. ఆఫరు ఏ తేదీదాకా ఉంటుందో రాయి. లేని సరుకు బొమ్మ వేయకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

పైన ‘మెర్రీ క్రిస్మస్’ అని వేయాలా, ఏ పండుగ పేరూ లేకుండా ‘హ్యాపీ హాలిడేస్’ అని వేయాలా అని మీ తండ్రీ కూతుళ్ళు పోట్లాడుకున్నారట. 2005లో అమెరికా అంతా ఇదే గొడవ. ప్రకటనల్లో క్రిస్మస్ పేరు లేదని టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థను బహిష్కరించమంటూ అమెరికన్ ఫ్యామిలీ అసోసియేషన్ అనే క్రైస్తవ సంఘం పిలుపునిచ్చింది. మరుసటి ఏడాది వాల్‌మార్ట్ దుకాణాలవాళ్ళు తిరిగి ‘మెర్రీ క్రిస్మస్’ అనడం మొదలుపెట్టారు. 2009లో ఎలక్ట్రానిక్ సామాను అమ్మే బెస్ట్ బై తన ప్రకటనలో బక్రీదు శుభాకాంక్షలు వేస్తే దాని మీదా రభస. 2015లో స్టార్‌బక్స్ కాఫీ కొట్లవాళ్ళ క్రిస్మస్ కాలపు ఎర్ర కప్పు మీద పండుగ బొమ్మలు లేవని అదొక రగడ. అంతటి వాళ్ళకే తప్పలేదు.

ఆ 2005లోనే నేనూ బోల్తా పడ్డాను. గుంటూరులో చర్చి మెట్ల మీద పెరిగినవాణ్ణి, ఏటా మీ నాన్నను భుజం మీద నిలబెట్టి వెదురు కర్రకు కాగితపు నక్షత్రం కట్టించినవాణ్ణి, క్రిస్మస్ అన్న మాట రాయడానికి జంకాను. ఎవరికీ కోపం రాకూడదని ‘హ్యాపీ హాలిడేస్’ వేయించి, ఒక మూలన యూదుల ఎనిమిది రాత్రుల దీపాల పండుగ హనుకాకు గుర్తుగా వాళ్ళ దీపస్తంభం బొమ్మ పెట్టించాను. అందరినీ కలుపుకున్నానని మురిసిపోయాను కూడా. డిసెంబరు 24 సాయంత్రం అలవాటుగా పండుగ సరుకంతా అరల మీద నుంచి దింపేశాను. హనుకా కొవ్వొత్తులను టోకు వ్యాపారికి తిప్పి పంపడానికి అట్టపెట్టెల్లో పెట్టి టేపు వేసేశాను.

26 ఉదయం మా వీధి చివర ఉండే ముసలావిడ వచ్చింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన నా కరపత్రం. కొవ్వొత్తులు కావాలంది. ‘పండుగ అయిపోయింది కదమ్మా’ అన్నాను. ఆమె కోప్పడలేదు. కాగితం విప్పి, దీపస్తంభం బొమ్మ మీద వేలు పెట్టి, ‘నిన్న రాత్రే మొదలైంది. నీ కొట్టు మూసి ఉంటే పక్కింట్లో అరువు తెచ్చుకున్నాను. ఇంకా ఏడు రాత్రులు ఉన్నాయి’ అంది.

హనుకా చంద్రుణ్ణి బట్టి వస్తుంది. ఆ ఏడాది సరిగ్గా డిసెంబరు 25 సాయంత్రం వచ్చింది. దీపావళి ఏటా తేదీ మారడం చూస్తూ పెరిగినవాడికి ఆ మాత్రం తట్టలేదు! వెనక గదిలోకి పరుగెత్తి, టేపు కోసి, నలభై నాలుగు కొవ్వొత్తుల పెట్టె తెచ్చి ఊరికే ఇవ్వబోయాను. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి తీసుకుంది. కరపత్రాన్ని మాత్రం గల్లాపెట్టె పక్కన వదిలేసి వెళ్ళిపోయింది. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది.

అందుకే చెబుతున్నాను, క్రిస్మస్ చెట్టు అమ్మితే క్రిస్మస్ చెట్టు అనే రాయి. హనుకా సరుకు పెడితే ఆ పేరు రాసి, ఆఖరి రాత్రిదాకా అర మీద ఉంచు. నీ వీధిలో ఎవరెవరు ఉంటున్నారో ముందు తెలుసుకో. తెలియని పండుగకు బొమ్మ వేయకు. మన ఊళ్ళో బట్టల కొట్ల బ్యానర్లు గుర్తున్నాయా? ‘క్రిస్మస్, నూతన సంవత్సర, సంక్రాంతి శుభాకాంక్షలు’ అని ఒకే వరుసలో మూడు పేర్లూ ఉంటాయి. మా కుర్రతనంలో దాన్ని చూసి పిసినారితనం అని నవ్వేవాళ్ళం. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

రాత్రి కొట్టు మూసేటప్పుడు ఒక్కదానివే కూర్చుని గల్లా లెక్కపెట్టకు. ఇది సలహా కాదు, ఆజ్ఞ. వేళకు తిను. ఆ కరపత్రం అచ్చుకు ఇచ్చే ముందు ఒకసారి ఫోటో తీసి నాకు పంపు. నా కళ్ళజోడు మరమ్మతులో ఉంది, అయినా మీ పెద్దమ్మది పెట్టుకుని చదువుతాను.

మీ పెదనాన్న