పెరట్లో బాతులు ఏడాది పొడవునా క్షేమంగా ఉండాలంటే ఏం చేయాలి?

బాతులు అనగానే చాలామందికి వచ్చే మొదటి సందేహం చెరువు గురించే. చెరువు లేకపోయినా నాలుగైదు బాతులు హాయిగా బతుకుతాయి. తల పూర్తిగా మునిగేంత లోతున్న తొట్టి ఉంటే చాలు, కళ్లు, ముక్కు రంధ్రాలు అవే కడుక్కుంటాయి. మేత దగ్గరా నీళ్లుండాలి. లేకపోతే పొడి దాణా గొంతుకు అడ్డం పడుతుంది.

అసలు టెన్షన్ రాత్రిదే. కోడిలా బాతు కర్రెక్కి పడుకోదు, నేల మీదే ఉంటుంది. కుక్క, ముంగిస, జంగుపిల్లి, పందికొక్కు దేనికైనా సులువుగా దొరికిపోతుంది. అందుకే చీకటి పడకముందే గూట్లోకి తోలండి. ఒక్కోదానికి 4 చదరపు అడుగుల చోటు, చుట్టూ సన్న కన్నాల గట్టి జాలీ, అడుగున తవ్వకుండా రాళ్లు ఉండాలి. ఉదయం 8 దాటాకే వదలండి. గుడ్లు ఎక్కువగా తెల్లవారుజామున పెడతాయి కాబట్టి గూట్లోనే దొరుకుతాయి.

మన దగ్గర చలికంటే ఎండే ప్రమాదం. ఏప్రిల్, మే నెలల్లో చెట్టు నీడ ఉండాలి, తొట్టిలో నీళ్లు రోజుకు రెండుమూడుసార్లు మార్చాలి. వానలో బాతులు సంబరంగా తిరుగుతాయి గానీ పడుకునే చోటు తడిగా ఉంటే కాళ్లు పుండ్లు పడతాయి. తడిసిన ఊక తీసేసి పొడిది వేయండి. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. అందులోని అఫ్లాటాక్సిన్ విషాన్ని బాతులు కోళ్లంత కూడా తట్టుకోలేవు, కాలేయం దెబ్బతిని చనిపోతాయి. చలికాలంలో గాలి కొట్టే వైపు గోనెపట్టా కట్టి, పైన సందు వదిలితే సరిపోతుంది.

బాతుల ప్రాణం తీసే వైరస్ జబ్బు డక్ ప్లేగుకు టీకా 8–12 వారాల వయసులో వేయిస్తారు. దగ్గర్లోని పశువైద్యశాలలో ముందే అడిగి ఉంచండి.