నీ నాయికను సన్నబడనివ్వకు

విజయవాడ

ప్రియమైన అమ్మాయికి,

నీ నవల మొత్తం చదివాను. సగం దాకా చాలా బాగుంది. చివరి అధ్యాయాలు మాత్రం తీసేయమంటాను, నొచ్చుకోకు. బ్రాడీపేటలో పుట్టి, తన మానాన తాను నవ్వుతూ తిరిగే లావుపాటి అమ్మాయి జిమ్‌లో చేరి సన్నబడ్డాకే అబ్బాయి ఇంట్లో ఒప్పుకున్నారని రాశావు. అప్పటిదాకా ఆమెను ఇష్టపడుతూ చదివిన ఇంటర్ పిల్ల ఏమనుకోవాలి? తనకీ అదొక్కటే దారి అనుకోదా?

ప్రకాశం బ్యారేజీ మీద అబ్బాయి 'నువ్వెలా ఉన్నా నాకిష్టమే' అంటాడు. అతను ఆమెను క్షమిస్తున్నట్టుంది నాకు. ఆమెలో అతనికి ఏం నచ్చిందో రాయి. మనసు మంచిదని తప్పించుకోకు, ప్రేమకథలో ఒళ్లూ ఉండాలి. ఆమె నవ్వితే భుజాలు కదలడం, బండి దగ్గర వేడి పునుగులు ఊదుకుంటూ ఇష్టంగా తినడం అతను కళ్లార్పకుండా చూడకూడదా? అయినా అతను మెచ్చుకునేదాకా ఆమె తనను తాను అసహ్యించుకుంటూ కూర్చోవడం నాకు నచ్చలేదు. కొన్ని రోజులు తనకు తాను నచ్చుతుంది, కొన్ని రోజులు నచ్చదు. ఆ ఎగుడుదిగుళ్లు అతను రాకముందూ ఉంటాయి, వచ్చాకా ఉంటాయి.

నీ నవలలో నాకు బాగా నచ్చింది బీసెంట్ రోడ్డు సీను. షాపు కుర్రాడు ఆమెను పైనుంచి కిందకి చూసి 'మీ సైజు రాదక్కా' అంటాడు, పక్కనే ఉన్న అమ్మ మాట్లాడదు. ఆ అమ్మ మౌనం ఎంత బాగా పట్టావు! కానీ వెంటనే నాయికను ఏడిపించేశావు. ప్రతి అవమానానికీ ఏడుపే ఎందుకు? వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్‌కి పంపించు. నచ్చిన రంగులో గుడ్డ తీసుకుని టైలర్ దగ్గరికి వెళ్తుంది. టైలర్ టేపు పెట్టి కొలతలు గట్టిగా చెబుతుంటే కుర్రాడు పుస్తకంలో రాసుకుంటాడు, షాపులో అందరికీ వినిపిస్తుంది. అప్పుడు ఆమె తల వంచుకుంటుందా, 'కొంచెం లూజుగా పెట్టన్నా, డాన్స్ చెయ్యాలి' అంటుందా? ఆమె ఎవరో నీకు అక్కడ తెలుస్తుంది.

బాడీ పాజిటివిటీ, అంటే ఏ ఒళ్లయినా గౌరవించాలనే ఆలోచన, అద్దంలో చూసుకుని మురిసిపోవడమే అనుకుంటున్నారు చాలామంది. దాని వేళ్లు 1969లో అమెరికాలో లావుగా ఉన్నవాళ్ల హక్కుల కోసం పుట్టిన సంఘం దాకా వెళ్తాయి. ఉద్యోగంలో, ఆసుపత్రిలో అందరితో సమానంగా చూడమన్నది వాళ్ల పోరాటం. నీ కథలోనూ అది రావాలి. జ్వరమని వెళ్తే డాక్టరు ముందుగా బరువు గురించి క్లాసు పీకడం, షేర్ ఆటోలో పక్కావిడ విసుక్కుంటూ జరగడం రాయి.

రంగు సంగతీ వదలకు. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. పెళ్లిచూపుల్లో 'చామనఛాయే గానీ కళగా ఉంది' అనే మాట మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉంది. నీ నాయిక చెల్లెలికి ఆ మాట తగిలించు, నవల పెద్దదవుతుంది.

పుస్తకం మొత్తం ఒకేసారి దిద్దాలని టెన్షన్ పడకు. ముందు ఆ టైలర్ సీను రాసి పంపు.

ప్రేమతో,
మీ అక్క