ఓడెక్కేటప్పుడు మన సీసా మనతో రానిస్తారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి: క్రూయిజ్‌కి వెళ్తూ తాగడానికి ఏమేం వెంట తీసుకెళ్లొచ్చు, ఏవి కుదరవు అని. అందుకే అన్నిటికీ ఒకచోటే జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మా పెళ్లిరోజు ఓడ మీదే జరుపుకోవాలని వారం రోజుల క్రూయిజ్ బుక్ చేసుకున్నాం. ఒక మంచి వైన్ సీసా ఎప్పటినుంచో దాచిపెట్టాం, ఆ రోజే తెరవాలని మా ఆయన ఆశ. లోపలికి రానిస్తారా, గేటు దగ్గరే లాగేసుకుంటారా?

జవాబు: సంతోషంగా తీసుకెళ్లండి, కాకపోతే ముందు మీ ఓడ ఏ కంపెనీదో చూసుకోండి. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. కార్నివాల్, రాయల్ కరీబియన్ ఓడల్లో చట్టప్రకారం తాగే వయసున్న ప్రతి ఒక్కరూ 750 మిల్లీలీటర్ల వైన్ లేదా షాంపేన్ సీసా ఒకటి తెచ్చుకోవచ్చు, అదీ ఎక్కే రోజు మాత్రమే. నార్వీజియన్‌లో ఎన్ని సీసాలైనా రానిస్తారు గానీ సీసాకింత అని కార్కేజ్ ఫీజు, అంటే బయటి నుంచి తెచ్చిన సీసాకి వేసే రుసుము, కట్టించుకుంటారు. డిస్నీ ఓడల్లో అయితే పెద్దవాళ్లకి తలా రెండు వైన్ సీసాలు గానీ ఆరు బీర్లు గానీ తెచ్చుకోవచ్చు, మధ్యలో ఓడ ఆగే రేవుల్లో కూడా మళ్లీ అంతే తెచ్చుకోవచ్చు. వైకింగ్ వాళ్లు ఈ విషయంలో అసలు పట్టించుకోరు, తెచ్చుకుని హాయిగా తాగమంటారు. ఎమ్మెస్సీ మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం, బయటి పానీయం ఏదీ ఓడలోకి రానివ్వరు. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారంలో మీ బుకింగ్ పేజీలో మరొక్కసారి చదువుకోండి, పాత స్నేహితులు చెప్పిన మాట మీద వెళ్లొద్దు.

వైన్ అన్నప్పుడు వైనే అనుకోండి. విస్కీ, రమ్, వోడ్కా లాంటివి వీటిలో చాలా ఓడల్లో చిన్న సీసా కూడా కుదరదు. అట్టపెట్టెల్లో వచ్చే వైన్ కూడా ఎక్కువచోట్ల ఒప్పుకోరు. సీసా సీలు తీసి ఉండకూడదు. ఇంకో సంగతి, అమెరికా రేవుల నుంచి బయల్దేరే ఓడల్లో తాగే వయసు 21. ఇరవై నిండిన మీ అబ్బాయి కూడా వస్తున్నాడనుకుని లెక్కలో ఒక సీసా ఎక్కువ పెట్టుకుంటే అది పోతుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఆ సీసాని పెద్ద సూట్‌కేసులో పెట్టి రేవులో కూలీలకి అప్పగించొద్దండీ. ఆ సూట్‌కేసులు ఇనుప బోనుల్లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఓడలోకి ఎక్కిస్తారు, అడుగున పడ్డ సూట్‌కేసు మీద ఎంత బరువు పడుతుందో ఊహించుకోండి. సీసా పగిలితే మీ పట్టుచీరే కాదు, పక్కవాళ్ల బట్టలు కూడా ఎర్రగా తడిసిపోతాయి. పగలకపోయినా ఎక్స్‌రేలో సీసా కనిపిస్తే సూట్‌కేసు ఆపేస్తారు, మొదటి రోజు సాయంత్రం అందరూ భోజనానికి ముస్తాబవుతుంటే మీరు సామాను కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి. చేతి సంచిలో పెట్టుకుని, తనిఖీ బెల్టు దగ్గర మీరే ముందుగా బయటికి తీసి చూపించండి. క్షణంలో అయిపోతుంది. విమానంలో వచ్చి ఓడెక్కేవాళ్లు మాత్రం విమానానికి చెకిన్ సామానులోనే పెట్టాలి కదా, రేవుకి చేరేముందు గుర్తుపెట్టుకుని చేతి సంచిలోకి మార్చుకోండి. చాలామంది మర్చిపోయేది ఇక్కడే.

కేబిన్‌లో కూర్చుని తాగితే చాలా ఓడల్లో ఏ ఫీజూ లేదు. డైనింగ్ హాల్లోకి పట్టుకెళ్తేనే కార్కేజ్ పడుతుంది. నార్వీజియన్‌లో అలా కాదు, సీసా ఓడలోకి వచ్చిందంటే ఎక్కడ తాగినా కట్టాల్సిందే. పెళ్లిరోజు కాబట్టి నా మాట విని ఆ కొద్ది డబ్బూ కట్టేసి డైనింగ్ హాల్లోనే తెరిపించుకోండి. సరైన గ్లాసులు పెట్టి వాళ్లే వడ్డిస్తారు. మిగిలితే సీసా మీద మీ కేబిన్ నంబరు రాసి దాచి, మర్నాడు రాత్రి మళ్లీ మీ టేబుల్ దగ్గరికే తెస్తారు.

ప్రశ్న: అమ్మకి నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉంది, నిద్రలో మాస్కు ద్వారా గాలి అందించే సీపాప్ మెషిన్ వాడుతుంది. దానికి డిస్టిల్డ్ వాటర్ (ఆవిరి పట్టి శుద్ధిచేసిన నీళ్లు) కావాలి. పాపకి పది నెలలు. నీళ్ల సీసాలే తేవద్దంటున్నారని విన్నాక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ టెన్షన్ వదిలేయండి. నీళ్ల సీసాల మీద నిషేధం ఉన్నమాట నిజమే. మంచినీళ్ల సీసాల్లో నీళ్లు పారబోసి మందు నింపి తెచ్చేవాళ్లు ఎక్కువైపోయి, ఒక్కో సీసానీ పరీక్షించలేక కార్నివాల్ వాళ్లు 2015లో సీసాల్లో వచ్చే నీళ్లూ కూల్‌డ్రింకులూ తేవద్దన్నారు, ఆ తర్వాత నార్వీజియన్ కూడా అదే దారి పట్టింది. కార్నివాల్‌లో క్యాన్లు, అట్ట ప్యాకెట్లలో వచ్చే మద్యం లేని పానీయాలు తలా పన్నెండు వరకు ఇప్పటికీ తీసుకెళ్లొచ్చు. కొందరు చేసిన పనికి అందరూ ఇబ్బంది పడ్డారన్నమాట. అయితే వైద్యానికి వాడే డిస్టిల్డ్ వాటర్, పసిపిల్లల పాలకి కావాల్సినవి ఆ నిషేధంలోకి రావు.

అమ్మగారి విషయంలో ఒక పని చేయండి. కంపెనీలో ప్రత్యేక అవసరాలు చూసే విభాగం ఉంటుంది, ప్రయాణానికి నెల ముందే వాళ్లకి ఈమెయిల్ పెట్టండి. చాలా ఓడల్లో డిస్టిల్డ్ వాటర్ వాళ్లే కేబిన్‌లో పెట్టి ఉంచుతారు, అంత బరువు మోయాల్సిన పనే ఉండదు. కేబిన్‌కి వెళ్లగానే ఆ డబ్బా వచ్చిందో లేదో చూసుకోండి, రాకపోతే రాత్రి పడుకునేదాకా ఆగకుండా అప్పుడే చెప్పండి. మంచం పక్కన ప్లగ్గు లేని కేబిన్లుంటాయి, ఎక్స్‌టెన్షన్ వైరు కూడా వాళ్లనే అడగండి. మన దగ్గరున్న సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే అడ్డుకునే పరికరం) వైర్లు ఓడలోకి రానివ్వరు. డాక్టరు రాసిచ్చిన కాగితం ఒకటి మెషిన్ సంచిలోనే పెట్టుకోండి.

పాపకి పాలపొడి, కట్టిన ప్యాకెట్లలో ఉన్న తిండి నిస్సంకోచంగా తీసుకెళ్లండి. కెటిల్ మాత్రం వద్దు, వేడిచేసే వస్తువులు అగ్నిప్రమాదం భయంతో తీసేసుకుంటారు. కాచిన నీళ్లు ఎప్పుడు అడిగినా ఇస్తారు.

ఇక ఓడలో కుళాయి నీళ్లు ఎలా ఉంటాయో అని భయపడేవాళ్లకి ఒక మాట. సముద్రపు నీటిని ఆవిరి చేసో, రివర్స్ ఆస్మోసిస్ పద్ధతిలోనో శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి పంపిస్తారు. అమెరికా రేవులకి వచ్చే ఓడల్లో ఈ నీటి శుభ్రతని అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్లు 1975 నుంచి ఒక ప్రత్యేక కార్యక్రమం పెట్టి తనిఖీ చేస్తున్నారు. క్లోరిన్ వాసన కొంచెం తగులుతుంది, అంతే. ఖాళీ సీసా ఒకటి పట్టుకెళ్లి బఫే దగ్గర నింపుకుంటే రేవుల్లో దిగి తిరిగేటప్పుడు కూడా పనికొస్తుంది.

ప్రశ్న: మౌత్‌వాష్ సీసాలో వోడ్కా పోసి రంగు కలిపితే ఎవరికీ తెలియదని మా బావ అంటున్నాడు. ఓడ బార్లో ధరలు చూస్తే నాకూ అదే మేలనిపిస్తోంది. ఏమంటారు?

జవాబు: వద్దండీ, గట్టిగా చెప్తున్నాను. ఈ మౌత్‌వాష్ ఉపాయం తనిఖీ చేసేవాళ్లకి ఎప్పుడో తెలిసిపోయింది, షాంపూ సీసాలూ ప్లాస్టిక్ సంచులూ అన్నీ వాళ్లు చూసినవే, రోజూ వేల సామాన్లు చూసేవాళ్ల కళ్లు కప్పడం అంత తేలిక కాదు. దొరికితే మందు పోతుంది, కొన్ని ఓడల్లో చివరిరోజు తిరిగిస్తారు, కొన్నిట్లో మీ ముందే పారబోస్తారు. టికెట్‌తో పాటు మీరు ఒప్పుకున్న షరతుల్లో, నియమం తప్పితే దారిలో ఏ రేవులోనైనా దించేసే హక్కు కంపెనీకి ఉంటుంది. ఇంకా నాకు బాధ కలిగించేది వేరే ఉంది. అదే కేబిన్‌లో పిల్లలుంటే, పొద్దున్నే పళ్లు తోముకుని ఆ సీసా ఎత్తి నోట్లో పోసుకోరని ఏమిటి నమ్మకం? మీ బావగారితో ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి.

ప్రశ్న: దారిలో రేవులో దిగి మంచి రమ్ కొనుక్కోవచ్చా?

జవాబు: కొనుక్కోవచ్చు. తిరిగి ఓడెక్కేటప్పుడు ఓడవాళ్లు ఆ సీసా తీసుకుని, చీటీ ఇచ్చి దాచిపెడతారు, ప్రయాణం చివరి రాత్రో, దిగే పొద్దున్నో ఇస్తారు. ఓడలోని డ్యూటీ ఫ్రీ దుకాణంలో కొన్నా ఇంతే. ఇంటికి తీసుకెళ్లడానికి కొనండి, ఓడలో తాగడానికి కాదు. తర్వాత విమానం ఉంటే సూట్‌కేసులో దానికి చోటు మిగుల్చుకోండి.

ప్రశ్న: ఇంత గొడవ ఎందుకు, డ్రింక్స్ ప్యాకేజీ కొనేస్తే పోదా? నేను తాగుతాను, మా ఆవిడ తాగదు.

జవాబు: మీ ఇంట్లో లెక్క కుదరకపోవచ్చు. చాలా కంపెనీలు ఒక కేబిన్‌లో ఒకరు మద్యం ప్యాకేజీ తీసుకుంటే అందులో ఉన్న పెద్దవాళ్లందరూ తీసుకోవాలంటాయి. అంటే తాగని మీ ఆవిడ పేరున కూడా రోజూ డబ్బు పోతుంది. పైగా ఆ ధర మీద 18 నుంచి 20 శాతం దాకా టిప్పు కలుస్తుంది, రేవుల్లో దిగి బయట తిరిగిన రోజులకీ కట్టాల్సిందే. కార్నివాల్ ప్యాకేజీలో అయితే రోజుకి పదిహేను మద్యం గ్లాసులనే హద్దు కూడా ఉంది. మీరు రోజుకి రెండు మూడు తాగే మనిషైతే విడిగా కొనుక్కోవడమే నయం. ఆవిడకి ఆరోగ్య కారణం ఉంటే ఫోన్ చేసి అడగండి, కొన్నిసార్లు ఆవిడకి మద్యం లేని ప్యాకేజీ ఇచ్చి సర్దుతారు. తీసుకోవాలనే నిర్ణయించుకుంటే బయల్దేరకముందే కొనండి, ఓడెక్కాక ధర సాధారణంగా ఎక్కువే ఉంటుంది. కాఫీ, టీ, మంచినీళ్లు, పొద్దున పూట జ్యూసు బఫేలో ఎటూ ఉచితమే, వాటి కోసమని ప్యాకేజీ కొనొద్దు.