ఆదివారం ఉదయం మాత్రమే ఆగి ఆగి నడిచే సినిమా

ప్రశ్న: పాత కంప్యూటరులో 4 టీబీ హార్డ్ డిస్కులు నాలుగు అమర్చి, డెబియన్ (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) మీద రెయిడ్ 5 పద్ధతిలో (ఒక డిస్కు పాడైనా సమాచారం పోకుండా) జతచేసి, జెల్లీఫిన్ అనే వీడియోల సాఫ్ట్‌వేర్ ద్వారా ఇంట్లోని టీవీలో సినిమాలు, మా అమ్మాయి పెళ్లి వీడియోలు చూస్తున్నాము. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. జూన్ 1, జులై 6, ఆగస్టు 3 తేదీల్లో మాత్రం ఉదయం టిఫిన్ వేళ నుంచి మధ్యాహ్నం దాకా బొమ్మ నిమిషానికోసారి ఆగిపోయింది, సాయంత్రానికి దానంతటదే బాగుపడింది. వైఫై లోపమని, కొత్త రూటరు కొనుక్కోమని కొట్టులో చెప్పారు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీరు తేదీలు రాసిపెట్టుకోవడం ఎంతో మేలు చేసింది. 2025లో ఆ మూడు తేదీలూ ఆయా నెలల మొదటి ఆదివారాలే. వైఫై క్యాలెండరు చూసి మొరాయించదు. డెబియన్‌లో రెయిడ్‌ను నడిపే ఎండీఏడీఎం అనే ప్రోగ్రాము మాత్రం, మనం ఏమీ మార్చకపోతే, నెలలో మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంట ప్రాంతంలో డిస్కులన్నింటినీ మొదటి నుంచి చివరి వరకు చదివి సరిచూసే పని మొదలుపెడుతుంది. సెకనుకు సగటున 150 ఎంబీ చొప్పున చదివినా 4 టీబీకి దాదాపు ఏడున్నర గంటలు పడుతుంది. మధ్యలో మీరు సినిమా పెడితే సరిచూసే పని వెనక్కి తగ్గి మధ్యాహ్నం దాకా సాగుతుంది.

అధిక నాణ్యత గల 4కే సినిమాకు కూడా సెకనుకు 10, 12 ఎంబీలు చాలు కదా, 150 ఎంబీలు చదవగల డిస్కు ఎందుకు తడబడుతుందని మీకు అనుమానం రావచ్చు. గాంధీ రోడ్డులోని ఒక కొట్టులో ఉన్న ఒక్క పనివాడే వెనుక గోడౌనులో సరుకు లెక్కపెడుతూ, బేరం వచ్చినప్పుడల్లా ముందుకు పరుగెత్తుతున్నాడనుకోండి. అతని పొద్దంతా నడకకే సరిపోతుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కులో ఒక్క చుట్టుకే 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. డిస్కును చదివే హెడ్డు ఒక చోటి నుంచి మరో చోటికి జరిగే కాలం కూడా కలిస్తే సెకనుకు వంద గెంతులు వేయడం కూడా దానికి కష్టమే. వరుసగా చదివే వేగం ఎంత ఉన్నా, రెండు చోట్లకు పరుగులు పెట్టవలసి వస్తే అది అక్కరకు రాదు.

నా మాట నమ్మే ముందు ఒక పరీక్ష చేయండి. వచ్చే మొదటి ఆదివారం బొమ్మ ఆగినప్పుడు, అదే సర్వరుకు, అంటే మీ పాత కంప్యూటరుకు, పెన్‌డ్రైవ్ తగిలించి అందులోని సినిమాను అదే టీవీలో ఆడించండి. అదీ అదే వైఫై మీదుగా వస్తుంది కనుక, సాఫీగా నడిస్తే రూటరు నిర్దోషి. రెయిడ్ స్థితిని చూపే ఎండీస్టాట్ ఫైలు తెరిస్తే "చెక్" అన్న మాట, ఎంత శాతం పూర్తయిందీ కనిపిస్తాయి.

విసుగెత్తి ఈ తనిఖీని పూర్తిగా మానేయకండి. ఏళ్ల తరబడి ఎవరూ తెరవని వీడియో ఉన్న చోట డిస్కు పాడైనా మనకు తెలియదు. రేపు ఇంకో డిస్కు చచ్చిపోతే, మిగిలిన మూడింటినీ పూర్తిగా చదివితే తప్ప దానిలోని సమాచారం తిరిగి రాదు. ఆ చెడిన చోటు అప్పుడు బయటపడినా ప్రయోజనం ఉండదు. తనిఖీ వేగానికి పరిమితి పెట్టడం చాలామంది ఇచ్చే సలహా, కానీ మీకు అది నప్పదు. సెకనుకు 50 ఎంబీలకు తగ్గిస్తే పని 22 గంటలకు సాగి, ఆదివారం రాత్రి సినిమాకూ అడ్డొస్తుంది. వేళ మార్చడమే మేలు. మీ డెబియన్ కూర్పును బట్టి పనులను వేళకు మొదలుపెట్టే క్రాన్ ఫైలులోనో, సిస్టమ్‌డీ టైమరులోనో ఆ గడియ రాసి ఉంటుంది. దాన్ని మంగళవారం రాత్రి 10 గంటలకు మారిస్తే, తెల్లవారేసరికి పని ముగిసిపోతుంది. జెల్లీఫిన్ చాప్టరు బొమ్మలు (సినిమాలోని ఒక్కో భాగానికి చిన్న బొమ్మ) తీసే పనిని అదే రాత్రి పెట్టకండి.

ఇక మొదటి ఆదివారం కాని రోజున ఇదే బాధ కలిగితే, ముందు రాత్రి కరెంటు పోయిందేమో గుర్తు తెచ్చుకోండి. డిస్కులు రాతలో ఉండగా సర్వరు హఠాత్తుగా ఆగితే, తిరిగి లేచాక రెయిడ్ తనంతట తానే సరిచేసుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు ఎండీస్టాట్‌లో "రీసింక్" అని ఉంటుంది. దాని జోలికి పోకుండా పూర్తి కానివ్వాలి. రూటరుకు పెట్టదలచిన డబ్బుతో సర్వరుకొక చిన్న యూపీఎస్ కొనండి.