ముందు ఎర్త్ చూపించు

చిన్నమ్మలూ,

నువ్వు ఎలక్ట్రిక్ కారు కొంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నా స్కూటర్ ముందు నిలబడి బ్రాడీపేట అంతా హారన్ మోగించిన పిల్ల సొంత జీతంతో కారు కొంటోందంటే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం సగం, టెన్షన్ సగం.

గుంటూరు నుంచి బెజవాడకి రానూపోనూ రోజుకి 70 కిలోమీటర్లు, ఆ బండికి అదో లెక్క కాదు. కంపెనీ చెప్పే రేంజ్‌లో పావు వంతు తీసేసి చూసుకో. బ్యాటరీ వారంటీ కాగితం పూర్తిగా చదువు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమల్లా ఇంటి దగ్గర పెట్టే చార్జింగ్ గురించే. మీ ఇంటి వైరింగు మీ మామగారి కాలంనాటిది. ఎర్త్, అంటే లీకైన కరెంటుని నేలలోకి దించే తీగ, సరిగ్గా లేకపోతే చాలా చార్జర్లు పనిచేయవు. అప్పుడు ఎలక్ట్రీషియన్ "న్యూట్రల్ నుంచి చిన్న లింకు ఇచ్చేస్తా మేడమ్" అంటాడు. అంటే కరెంటు వెనక్కి వెళ్లే తీగని ఎర్త్‌కి కలిపేయడం. చచ్చినా ఒప్పుకోకు.

1996లో వాషింగ్ మెషీన్ కొన్నాం. ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. ఎర్త్ గుంత తవ్వాలంటే పెరట్లో కొత్తగా వేసిన గచ్చు పగలగొట్టాలన్నారు. నాకు మనసొప్పలేదు. న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకి కలిపించాను. జివ్వుమనడం ఆగింది, డబ్బు మిగిలిందని మురిసిపోయాను. మూడు నెలల తర్వాత ఓ సాయంత్రం గాలివానకి స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగింది. లైట్లు ఆరిపోయాయి. కరెంటు పోయింది కదా అని మీ అత్తయ్య మెషీన్‌లోంచి తడి బట్టలు తీయబోయింది. కరెంటు పోలేదమ్మా. వెనక్కి వెళ్లే దారి తెగి, బల్బుల్లోంచి, ఫ్యాన్లలోంచి వచ్చి ఆ లింకు ద్వారా మెషీన్ ఒంట్లోకి ఎక్కి కూర్చుంది. ఆవిడ చెయ్యి రేకుకి అతుక్కుపోయింది. మెయిన్ దించేదాకా నేను పరిగెత్తిన ఆ నాలుగడుగులు ఇప్పటికీ కలలోకొస్తాయి.

చిన్నప్పుడు ముద్దలు తినిపిస్తుంటే అత్తయ్య అరచేతిలో మచ్చ ఏమిటని అడిగేదానివి. నూనె చిందిందని చెప్పాం. అది అబద్ధం.

కారు అంటే ఇంకా పెద్ద రేకు. మీ బుజ్జిగాడు వానలో చెప్పుల్లేకుండా వచ్చి దాని తలుపు పట్టుకుంటాడు. మీటరు నుంచి చార్జర్‌కి విడిగా మందపాటి వైరు లాగించు. విడిగా లోడు ఎక్కువైతే కరెంటు ఆపే ఎమ్‌సీబీ, కరెంటు లీకైతే వెంటనే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు. 30 యూనిట్ల బ్యాటరీ 15 ఆంప్స్ ప్లగ్గు మీద నిండాలంటే 10 గంటలు పడుతుంది. అంతసేపూ లోడు లాగితే నాసిరకం సాకెట్ కరిగిపోతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాట ఎత్తితే నేనూరుకోను. పెద్ద చార్జర్ పెట్టిస్తే మీటరు లోడు పెంచమని ముందే కరెంటాఫీసులో అడుగు. ఎండాకాలం మన నేల ఎండిపోతుంది, ఎర్త్ గుంతలో వారానికో బకెట్ నీళ్లు పోయడం మరిచిపోకు.

పెరట్లో టైల్స్ పాడవుతాయని మాత్రం నాకు చెప్పకు. గుంత ఖర్చు నాది. అందులో వేసే ఉప్పు, బొగ్గు నేనే తెస్తాను. మచ్చ సంగతి నీకు రాస్తున్నానంటే అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనూ వస్తానంది. ఈ ఆదివారం ఎక్కడికీ వెళ్లకు.

మీ మామయ్య