ఆర్సీ కారు మోటర్‌కి ఏ కనెక్టర్ వేస్తే మంచిది?

మీ ప్రశ్న ఇదీ: 1/10 సైజు రిమోట్ కంట్రోల్ కారులో పాత బ్రష్డ్ మోటర్ తీసేసి బ్రష్‌లెస్ మోటర్, 60 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటర్ వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్) వేస్తున్నారు. కారుతో వచ్చిన తెల్ల టామియా ప్లగ్గు ఉంచాలా, డీన్స్, ఎక్స్‌టీ60, ఈసీ5 కనెక్టర్లలో దేనికన్నా మారాలా అని అడిగారు.

బ్యాటరీ వైపు ఎక్స్‌టీ60, మోటర్ వైపు 4 ఎంఎం బుల్లెట్లు (వైరు చివర వేసే గుండ్రటి కనెక్టర్లు) వేసుకోండి. మీకు కావాల్సిన జవాబు అంతే. నేను చెప్పాలనుకున్నది మాత్రం వేరే ఉంది. ఏ కనెక్టర్ గొప్పదని గంటలకొద్దీ కొట్లాడేవాళ్లు దాన్ని అతికించే లెడ్ (సోల్డర్) గురించి ఒక్క ముక్క మాట్లాడరు. నన్నడిగితే దారిలో ఆగిపోయే కార్లలో సగానికి పైగా ఆగేది ఆ అతుకు దగ్గరే.

మా మేనల్లుడు ఒంగోల్లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మీలాగే పాత కారుకి బ్రష్‌లెస్ సెట్టు కొన్నాడు. బుల్లెట్లు అతికించే ఉన్నాయి, దూర్చుకుంటే చాలు. సంక్రాంతి సెలవుల్లో అందరం కొత్తపట్నం బీచ్‌కి వెళ్తే కారు కూడా తెచ్చాడు. నీళ్ల పక్కన తడి ఇసుక మీద బ్రహ్మాండంగా పోయింది. చుట్టూ పిల్లలు మూగారు. వాళ్లని చూసి వీడికి హుషారొచ్చి పొడి ఇసుకలోకి తిప్పాడు. చక్రాలు కూరుకుపోయాయి. ఇంకాస్త త్రాటిల్ నొక్కాడు. మోటర్ తిరగడం మానేసి గుర్రుమంటూ అక్కడికక్కడే వణకడం మొదలుపెట్టింది. ఆ వెంటనే కాలిన వాసన. "మోటర్ కాలిపోయింది రా" అని పిల్లల్లో ఒకడు తేల్చేశాడు. దాచుకున్న డబ్బులన్నీ పెట్టి కొన్నాడేమో, మావాడి టెన్షన్ చూడాలి!

బ్యాటరీ పీకించి చూశాను. మోటర్ మూడు వైర్లలో ఒకదాని స్లీవు (అతుకు మీది ప్లాస్టిక్ తొడుగు) ముడుచుకుని గోధుమరంగు తిరిగింది. పట్టుకుని లాగితే వైరు ఒట్టిగా చేతికొచ్చింది, బుల్లెట్ అవతలే ఉండిపోయింది. రాగి పోగులు లోపల నల్లగా ఉన్నాయి. లెడ్ వాటి మధ్యలోకి దిగనే లేదు, పైన ఒక బొట్టులా కూర్చుందంతే. పైనుంచి స్లీవు తొడిగి అమ్మేశారు. కొన్నవాడికి ఎట్టా కనపడుతుంది?

ఒంగోల్లో నాకు తెలిసిన వైండింగ్ షాపుకి తీసుకెళ్లాను. షాపు నిండా రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ మోటర్లే. ఆ పెద్దాయన ఇలాంటి బుల్లి మోటర్ ఎప్పుడూ చూడలేదు. వైర్లు లెక్కపెట్టి, "మూడా? అయితే ఫేజు పోయింది అబ్బయ్యా, ఇంకేం లేదు" అన్నాడు. నిజంగా అంతే. రాత్రిపూట ఒక ఫేజు పోతే చెరువు మీద మోటర్ మూలిగి మూలిగి కాలిపోవడం మన జిల్లాల్లో రొయ్యలు వేసిన ప్రతివాడికీ తెలుసు. బ్రష్‌లెస్ మోటర్‌కీ ఆ మూడు వైర్లూ ఉండాల్సిందే. ఒకటి ఊడితే ఉన్నచోటే వణుకుతుంది. ఇంకా త్రాటిల్ నొక్కితే ఈఎస్‌సీ కూడా పోవచ్చు.

ఆయన పని చూసి తీరాలి. రాగి మెరిసేదాకా వైరు వెనక్కి కత్తిరించాడు. చెక్కముక్కకి రంధ్రం చేసి బుల్లెట్‌ని అందులో నిలబెట్టాడు. లావు ఐరన్ ఆనించి, బుల్లెట్ గిన్నెలో సగందాకా లెడ్ కరిగించి, ముందే లెడ్ పట్టించిన వైరుని అందులోకి దింపి, కదలకుండా పట్టుకున్నాడు. మావాడు చల్లారుతుందని ఊదబోతే, "ఊదమాక!" అని ఒక్క అరుపు అరిచాడు. ఆరేలోపు కదిలినా, ఊదినా అతుకు గరుకుగా, పెళుసుగా తయారవుతుందట. మిగతా రెండు కూడా ఊడదీసి కొత్తగా వేశాడు. మోటర్ శుభ్రంగా తిరిగింది.

లెక్క కూడా చూడండి. అతుకులో 5 మిల్లీఓముల రెసిస్టెన్స్ ఉందనుకుందాం. 40 ఆంపియర్లు పోతే అక్కడ పుట్టే వేడి 8 వాట్లు, అదీ స్లీవు కప్పిన అంత చిన్న చోట. 60/40 లెడ్ (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. ఆ వేడి ఏ కనెక్టర్ పేరు చూసీ ఆగదు.

మన ఊళ్లో షాపుకెళ్లి సోల్డరింగ్ ఐరన్ అడిగితే సెల్‌ఫోన్ రిపేర్లకి వాడే 25 వాట్లది చేతిలో పెడతారు. 12 గేజ్ లావు వైరు ఆ వేడినంతా పీల్చేసి, లెడ్‌ని పైపైనే ఉంచేస్తుంది. కనీసం 60 వాట్లదే కొనండి. ఫ్లక్స్ (లెడ్ బాగా పట్టడానికి పూసేది) రోజిన్‌దే వాడండి, రేకుల పనికి వాడే యాసిడ్ వద్దు, తర్వాత రాగిని తినేస్తుంది. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల ఆంపియర్ల అంకెలు నమ్మి మోసపోకండి. ఎక్స్‌టీ60 పేరులో 60 ఉందని అదేపనిగా 60 లాగొచ్చని కాదు, ఆ అంకె కాసేపటికే. కారులో ఎటూ త్రాటిల్ కొట్టినప్పుడే కరెంటు ఎగబాకుతుంది కాబట్టి సరిపోతుంది.

తెల్ల టామియా ప్లగ్గు పాత బ్రష్డ్ మోటర్లకి చాలు, మీ సెట్టుకి చాలదు. డీన్స్ మంచిదే గానీ చెమట చేతులతో ఊడదీయడం నరకం, మే నెలలో నెల్లూరులో ప్రయత్నించి చూడండి. ఈసీ5 మీ కారుకి మరీ పెద్దది. అడాప్టర్లు మాత్రం వద్దు, ఒక్కోటి ఇంకొన్ని కొత్త అతుకులు కలుపుతుంది. ఎక్స్‌టీ60 అతికించేటప్పుడు దాని జతని దూర్చి ఉంచండి, ప్లాస్టిక్ మెత్తబడినా పిన్నులు పక్కకి ఒరగవు. లోహం బయటికి కనపడని సగం బ్యాటరీకి వెళ్లాలి.

ఇక మోటర్ వెనక్కి తిరిగితే ఏ రెండు వైర్లు మార్చినా సరిపోతుంది. అయితే అది సెన్సర్ లేని మోటర్‌కే. సెన్సర్ కేబుల్ ఉన్నదైతే ఎ, బి, సి గుర్తులు చూసుకుని దేని చోట దాన్నే పెట్టండి, దిశని ఈఎస్‌సీ సెట్టింగ్‌లో మార్చుకోండి.